పాస్‌వర్డు జోలికి పోయే ముందు: లినక్స్ సర్వర్‌లో డేటాబేస్ కలవనప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలి

భీమవరం పక్కన ఒక రొయ్యల కొనుగోలు కేంద్రంలో ఆ రోజు పట్టుబడి. చెరువు దగ్గర నుంచి ట్రేలు వచ్చేశాయి. ఐసు కరుగుతోంది, కాటా మీద తూకం పడుతోంది, బిల్లు మాత్రం రావడం లేదు. తెర మీద ప్రవేశం నిరాకరించామని ఒకటే వాక్యం. నాకు ఫోను వచ్చేసరికి అక్కడి గుమస్తా కుర్రవాడు డేటాబేస్ పాస్‌వర్డు మూడుసార్లు మార్చేశాడు. "ఎందుకు మార్చావు తమ్ముడూ?" అని అడిగితే "పాస్‌వర్డు తప్పంటోంది కదండీ" అన్నాడు. ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు, చూసినవారెవరైనా అలాగే అనుకుంటారు. కానీ హోస్టింగ్ ప్యానెల్‌లో అతను చేసిన మార్పు ఆ పేరున్న ఖాతాలన్నిటికీ వర్తించింది. దాంతో బిల్లింగుతో పాటు రాత్రి బ్యాకప్పూ, యజమాని ఫోనులో లెక్కలు చూసుకునే యాప్ కూడా ఆగిపోయాయి.

అసలు జరిగింది ఇది. మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. రూటర్ మళ్లీ మొదలైనప్పుడు బ్రాడ్‌బ్యాండ్ సంస్థ దానికి కొత్త ఐపీ చిరునామా ఇచ్చింది. సర్వర్‌లో బిల్లింగ్ ఖాతా పాత చిరునామా పేరునే ఉంది. ఆ ఎర్రర్ సందేశంలో @ గుర్తు తరవాత కొత్త చిరునామా స్పష్టంగా కనిపిస్తూనే ఉంది. అక్కడిదాకా ఎవరూ చదవలేదు.

మన డెల్టాలో శివారు పొలానికి నీరు అందకపోతే రైతు నేరుగా ధవళేశ్వరం బయలుదేరడు. ముందు తన బోదె చూసుకుంటాడు, తరవాత తూము, ఆపైన పిల్లకాలువ, ఆపైన లాకులు. నీరు ఎంతవరకు వచ్చి ఆగిందో తెలిశాకే లస్కరుతో మాట్లాడతాడు. డేటాబేస్ విషయంలో నేను చెప్పేదీ అదే పద్ధతి. మీ అభ్యర్థన ఎంతదూరం వెళ్లి ఆగిందో ముందు తేల్చుకోండి. పాస్‌వర్డు ఆ దారిలో చివరి తూము. మొదట దాన్ని తిప్పకండి.

ఈ మార్గదర్శి ప్రధానంగా మైఎస్‌క్యూఎల్, మరియాడీబీ అనే డేటాబేస్ ప్రోగ్రాముల గురించి. చిన్న వ్యాపారాల సర్వర్లలో నేను ఎక్కువగా చూసేవి ఇవే. కమాండ్లను పలికినట్టు తెలుగు లిపిలో రాశాను, మీరు కీబోర్డు మీద ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి. గీతలు, చుక్కలు, కొటేషన్ గుర్తులు ఉన్నవి ఉన్నట్టే.

మొదటి పని: సందేశాన్ని చివరి అక్షరం వరకు చదవడం

ఎర్రర్ సందేశంలో ఒక సంఖ్య ఉంటుంది. మాటలకంటే ఆ సంఖ్యే ముఖ్యం. కాగితం మీద రాసుకోండి లేదా ఫొటో తీయండి. "డేటాబేస్ కనెక్ట్ కావడం లేదు" అని మాత్రమే చూపించే ప్రోగ్రాం అయితే దాని లాగ్ ఫైలు తెరవండి, అసలు సంఖ్య అక్కడ ఉంటుంది.

2002 వస్తే సాధారణంగా మీరు సర్వర్ ఉన్న యంత్రం మీదే ఉన్నారు, కానీ సాకెట్ ఫైలు (అదే యంత్రం మీది ప్రోగ్రాములు డేటాబేస్‌తో మాట్లాడే ద్వారం) గుండా లోపలికి వెళ్లలేకపోయారు. పక్కనే బ్రాకెట్‌లో 2 ఉంటే ఆ ఫైలే లేదు, 13 ఉంటే దాన్ని తాకే అనుమతి లేదు. 2003 వస్తే నెట్‌వర్క్ దారిలో ఆగారు. దాని పక్కన 111 ఉంటే యంత్రం దాకా వెళ్లారు గానీ ఆ పోర్టు (డేటాబేస్ వినే తలుపు సంఖ్య) దగ్గర వినేవారు లేరు. 110 ఉంటే మీరు పంపినదానికి ఎవరూ బదులే ఇవ్వలేదు, అది సాధారణంగా ఫైర్‌వాల్ (వచ్చేపోయే కనెక్షన్లను అడ్డుకునే కాపలా) పని. 113 ఉంటే దారి లేదన్న జవాబు వచ్చింది, దీని వెనక కూడా చాలాసార్లు ఫైర్‌వాలే ఉంటుంది.

1130 వస్తే డేటాబేస్ మీతో మాట్లాడింది, కానీ మీ చిరునామా నుంచి ఎవరినీ రానివ్వనంది. 1045 అంటే పేరు, చిరునామా, పాస్‌వర్డు ఈ మూడింటిలో ఏదో కుదరలేదు. 1044 వచ్చిందంటే పాస్‌వర్డు సరైనదే, ఆ డేటాబేస్ మీద మీకు హక్కు ఇవ్వలేదు, అంతే. 1049 అంటే ఆ పేరుతో డేటాబేసే లేదు. 1040 అంటే లోపల ఖాళీ లేదు.

1045 సందేశం చివర "యూజింగ్ పాస్‌వర్డ్" అని ఉండి, దాని పక్కన యస్ లేదా నో ఉంటుంది. నో ఉంటే మీ ప్రోగ్రాం అసలు పాస్‌వర్డే పంపలేదు. కాన్ఫిగరేషన్ ఫైలు చదవలేదు, లేదా తప్పు ఫైలు చదివింది. అలాంటప్పుడు సర్వర్‌లో పాస్‌వర్డు వందసార్లు మార్చినా ఉపయోగం ఉండదు. ఈ ఒక్క మాట చూడటం అలవాటైతే సగం అర్ధరాత్రి ఫోన్లు తప్పుతాయి.

సర్వర్ బతికి ఉందా

2002 గానీ 2003 (111) గానీ వస్తే ముందు ఇది చూడండి: "సుడో సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ మరియాడీబీ". మైఎస్‌క్యూఎల్ అయితే చివరి మాట ఉబుంటులో "మైఎస్‌క్యూఎల్", రెడ్‌హ్యాట్ కుటుంబంలో "మైఎస్‌క్యూఎల్‌డీ". ఆకుపచ్చ రంగులో "యాక్టివ్" అని ఉంటే తరవాతి మెట్టుకు వెళ్లండి. "ఫెయిల్డ్" అని ఉంటే వెంటనే రీస్టార్ట్ కొట్టకండి. ముందు "సుడో జర్నల్‌సీటీఎల్ -యూ మరియాడీబీ -ఎన్ 50" తో చివరి యాభై వరుసలు చదవండి. "/వార్/లాగ్/మైఎస్‌క్యూఎల్/ఎర్రర్.లాగ్" ఫైలు ఉంటే అదీ చదవండి.

నా అనుభవంలో సర్వర్ పడిపోవడానికి కారణాలు మూడే తరచుగా కనిపిస్తాయి.

మొదటిది డిస్కు నిండటం. "డీఎఫ్ -హెచ్" కొడితే ఏ విభాగం ఎంత నిండిందో తెలుస్తుంది. అక్కడ ఖాళీ కనిపిస్తున్నా రాయలేకపోతుంటే "డీఎఫ్ -ఐ" కూడా చూడండి. లక్షల చిన్న ఫైళ్లు పేరుకుని ఐనోడ్లు (ఒక్కో ఫైలుకు ఒకటి చొప్పున పట్టే నమోదు గళ్లు) అయిపోవచ్చు. మైఎస్‌క్యూఎల్ 8.0 నుంచి బైనరీ లాగ్ (డేటాలో జరిగిన మార్పుల చిట్టా) మొదటి నుంచే పనిచేస్తూ ఉంటుంది, మీరు ఏమీ మార్చకపోతే 30 రోజుల లాగ్‌లు దాచుకుంటుంది. రోజంతా తూకాలు నమోదయ్యే చోట చిన్న డిస్కు నిండటానికి అది చాలు. ఆ ఫైళ్లను ఆర్‌ఎం కమాండుతో చెరపకండి. డేటాబేస్ లోపలికి వెళ్లి "పర్జ్ బైనరీ లాగ్స్ బిఫోర్" అని తేదీ ఇస్తే అదే పద్ధతిగా తీసేస్తుంది. లోపలికి వెళ్లలేనంతగా నిండిపోతే ముందు పాత బ్యాకప్‌లను, కుదించిన పాత సిస్టమ్ లాగ్‌లను వేరే చోటికి మార్చి ఊపిరాడనివ్వండి.

రెండోది మెమరీ. ఒక జీబీ మెమరీ ఉన్న చౌక సర్వర్ మీద వెబ్‌సైటు, డేటాబేస్, మెయిల్ అన్నీ పెడితే ఏదో ఒకరోజు లినక్స్ కెర్నల్ పెద్ద ప్రాసెస్‌ను చంపి మిగతావాటిని కాపాడుకుంటుంది. చాలాసార్లు ఆ పెద్ద ప్రాసెస్ డేటాబేసే. "సుడో డీమెసేజ్" అని పలికే కమాండు ఉంది (అక్షరాలు డి, ఎం, ఇ, ఎస్, జి). దాని ఫలితంలో "అవుట్ ఆఫ్ మెమరీ" అన్న వరుస కోసం వెతకండి. ఉంటే స్వాప్ (మెమరీకి తోడుగా డిస్కు మీద కేటాయించే చోటు) జోడించండి, వెబ్ సర్వర్ ప్రాసెస్‌ల సంఖ్య తగ్గించండి.

మూడోది కరెంటు. సర్వర్ మిల్లు ఆఫీసులోనే బల్ల కింద ఉండే చోట్ల, యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చనిపోయి ఉన్న చోట్ల ఇది మామూలే. ఉన్నట్టుండి ఆగిన డేటాబేస్ తిరిగి లేచేటప్పుడు ఇన్నోడీబీ (డేటాను డిస్కు మీద దాచే భాగం) తన లాగ్ చదువుకుని సగంలో ఆగిన పనులను సర్దుకుంటుంది. దానికి కొన్ని నిమిషాలు పట్టవచ్చు. ఆ సమయంలో స్టేటస్ "యాక్టివేటింగ్" అని ఉంటుంది. ఓపిక పట్టలేక మళ్లీ మళ్లీ రీస్టార్ట్ చేసి సర్దుకునే పనిని మొదటికి తేకండి. ఇంటర్నెట్‌లో ఎవరో చెప్పారని "ఐబీడేటా1" ఫైలు తీసేయడం మాత్రం ఎప్పుడూ వద్దు. తీసేస్తే సర్వర్ లేవవచ్చు, మీ లెక్కలు మాత్రం ఉండవు. నిజంగా పాడైతే ముందు డేటా ఫోల్డరు మొత్తం నకలు తీసి, ఆ తరవాత "ఇన్నోడీబీ_ఫోర్స్_రికవరీ" ని 1 నుంచి ఒక్కో అంకె పెంచుతూ ప్రయత్నించండి. 3 దాటితే డేటా శాశ్వతంగా దెబ్బతినే ప్రమాదం ఉంది, అక్కడ ఆగి తెలిసినవారిని పిలవండి.

వింటోందా, ఎక్కడ వింటోంది

సర్వర్ బతికే ఉంది, అయినా బయటినుంచి 111 వస్తోంది. ఇప్పుడు "సుడో ఎస్‌ఎస్ -ఎల్‌టీఎన్‌పీ" కొట్టండి. 3306 ఉన్న వరుస చూడండి. దాని ముందు 127.0.0.1 ఉంటే డేటాబేస్ తన యంత్రం మీదివారి మాటే వింటోంది, బయటివారిని పట్టించుకోదు. 0.0.0.0 గానీ నక్షత్రం గుర్తు గానీ ఉంటే అందరి మాటా వింటోంది. 3306 వరుసే లేకపోతే పోర్టు మారి ఉండాలి, లేదా కాన్ఫిగరేషన్‌లో "స్కిప్-నెట్‌వర్కింగ్" అని ఎవరో రాసి ఉండాలి.

దీన్ని నిర్ణయించేది "బైండ్-అడ్రస్" అన్న వరుస. ఉబుంటు మైఎస్‌క్యూఎల్‌లో అది "/ఈటీసీ/మైఎస్‌క్యూఎల్/మైఎస్‌క్యూఎల్.కాన్ఫ్.డీ" ఫోల్డరులోని ఫైలులో ఉంటుంది. డెబియన్ మరియాడీబీలో "మరియాడీబీ.కాన్ఫ్.డీ" ఫోల్డరులో 50 తో మొదలయ్యే సర్వర్ ఫైలులో ఉంటుంది. దాన్ని 0.0.0.0 గా మార్చమని చాలామంది సలహా ఇస్తారు. నేను ఇవ్వను. 3306 పోర్టును ఇంటర్నెట్ మొత్తానికి తెరిచి పెడితే కాసేపట్లోనే ఎక్కడెక్కడి యంత్రాలో తలుపు తట్టడం లాగ్‌లో కనిపిస్తుంది. దానికి బదులు ఏం చేయాలో కింద రాశాను.

దారి మధ్యలో ఎవరు ఆపారు

110 వస్తే మీ కంప్యూటర్ నుంచి "ఎన్‌సీ -వీజెడ్ సర్వర్-చిరునామా 3306" కొట్టి చూడండి. వెంటనే తిరస్కరిస్తే దారి ఉంది, వినేవారు లేరు. ఉలుకూ పలుకూ లేకుండా వేలాడితే దారిలో ఫైర్‌వాల్ ఉంది. అది రెండు చోట్ల ఉండవచ్చు. ఒకటి సర్వర్‌లోనే, ఉబుంటులో "సుడో యూఎఫ్‌డబ్ల్యూ స్టేటస్" తో చూడవచ్చు. రెండోది క్లౌడ్ సంస్థ నియంత్రణ పేజీలో ఉండే నియమాలు. సర్వర్‌లో అన్నీ సరిచేసి ఈ రెండోదాన్ని మరచిపోయి నేనే ఒకసారి రెండు గంటలు పోగొట్టుకున్నాను.

రెడ్‌హ్యాట్ కుటుంబంలో ఇంకో విచిత్రం ఉంది. కమాండ్ లైన్ నుంచి చక్కగా కలుస్తుంది, వెబ్‌సైటు నుంచి మాత్రం అనుమతి లేదంటూ 13 వస్తుంది. అది ఎస్‌ఈలినక్స్ అనే అదనపు భద్రతా కాపలా. దాన్ని పూర్తిగా ఆపేయకుండా "సుడో సెట్‌ఎస్‌ఈబూల్ -పీ హెచ్‌టీటీపీడీ_క్యాన్_నెట్‌వర్క్_కనెక్ట్_డీబీ 1" (ఇందులో -పీ పెద్ద అక్షరం) కొడితే వెబ్ సర్వర్‌కు డేటాబేస్ దారి మాత్రమే తెరుచుకుంటుంది.

మీరెవరో సర్వర్‌కు ఎలా తెలుస్తుంది

చాలామంది కాలు జారేది ఇక్కడే కాబట్టి కొంచెం నెమ్మదిగా వెళదాం.

మైఎస్‌క్యూఎల్, మరియాడీబీల్లో ఖాతా అంటే పేరు ఒక్కటే కాదు. పేరు, ఎక్కడినుంచి వస్తున్నారన్నది రెండూ కలిస్తేనే ఒక ఖాతా. 'కాటా'@'లోకల్‌హోస్ట్' (అదే యంత్రం నుంచి) వేరు, 'కాటా'@'%' (ఎక్కడినుంచైనా) వేరు. రెండింటికీ పాస్‌వర్డులు వేరుగా ఉండవచ్చు, హక్కులూ వేరుగా ఉండవచ్చు. ఒకే పేరున్న ఇద్దరు మనుషుల్లో ఒకరు అమలాపురంలో, ఇంకొకరు తణుకులో ఉన్నట్టు. మీరు ఒకరి పాస్‌వర్డు మార్చి ఇంకొకరి తలుపు తడుతున్నారేమో చూసుకోండి.

సర్వర్ యంత్రం మీద "సుడో మైఎస్‌క్యూఎల్" తో లోపలికి వెళ్లి ఇది కొట్టండి: "సెలెక్ట్ యూజర్, హోస్ట్, ప్లగిన్ ఫ్రమ్ మైఎస్‌క్యూఎల్.యూజర్;". వచ్చిన పట్టికను ఎర్రర్ సందేశంలోని పేరు@చిరునామాతో పోల్చండి. రొయ్యల కేంద్రంలో నేను చేసింది ఇంతే. పట్టికలో చిరునామా చివరి సంఖ్య 24, సందేశంలో 61. పాత ఖాతాను "రీనేమ్ యూజర్ 'కాటా'@'పాత చిరునామా' టు 'కాటా'@'కొత్త చిరునామా';" తో మార్చాను. హక్కులూ పాస్‌వర్డూ ఖాతాతోపాటే వెళతాయి. ఆ తరవాత గుమస్తా పెట్టిన చివరి పాస్‌వర్డును మూడు ప్రోగ్రాముల్లోనూ సరిచేయడానికి పట్టిన సమయమే ఎక్కువ.

ఒకే మనిషికి రెండు మూడు వరుసలు సరిపోయేలా ఉంటే సర్వర్ ఏది ఎంచుకుంటుంది? ముందు చిరునామా ఎంత నిర్దిష్టంగా ఉందో చూస్తుంది, పేరును ఆ తరవాతే చూస్తుంది. అందుకే పాత సర్వర్లలో పేరు లేని ఖాతా ఒకటి ''@'లోకల్‌హోస్ట్' అని ఉంటే, సర్వర్ మీదనుంచే వచ్చే 'కాటా' ను అది పట్టేసుకుంటుంది, 'కాటా'@'%' దాకా చూపు వెళ్లదు. పాస్‌వర్డు నూటికి నూరుపాళ్లు సరైనదే అయినా 1045 వస్తుంది. ఆ పేరులేని ఖాతాను "డ్రాప్ యూజర్ ''@'లోకల్‌హోస్ట్';" తో తీసేయండి. ఏదోలా లోపలికి వెళ్లగలిగారు కానీ మీరు ఎవరిగా గుర్తింపు పొందారో అనుమానంగా ఉంటే "సెలెక్ట్ యూజర్(), కరెంట్_యూజర్();" అడగండి. మొదటిది మీరు చెప్పుకున్న పేరు, రెండోది సర్వర్ మిమ్మల్ని ఏ ఖాతాగా తీసుకుందో ఆ పేరు. రెండూ ఒకేలా లేకపోతే అదే మీ జవాబు.

లోకల్‌హోస్ట్, 127.0.0.1 ఒకటే అనుకోవడం ఇంకో గుంట. లినక్స్‌లో లోకల్‌హోస్ట్ అని రాస్తే డేటాబేస్ క్లయింటు సాకెట్ ఫైలు ద్వారా వెళుతుంది. 127.0.0.1 అని రాస్తే నెట్‌వర్క్ పోర్టు ద్వారా వెళుతుంది. మామూలుగా సర్వర్ 127.0.0.1 ను తిరిగి లోకల్‌హోస్ట్‌గా గుర్తుపడుతుంది కాబట్టి తేడా కనిపించదు. కానీ కనెక్షన్లు వేగంగా కలవాలని ఎవరైనా "స్కిప్_నేమ్_రిజాల్వ్" పెట్టి ఉంటే ఆ గుర్తింపు పనిచేయదు. మొన్నటిదాకా కలిసిన ప్రోగ్రాం ఆ మార్పు తరవాత హఠాత్తుగా 1045 గానీ 1130 గానీ అంటుంది. అప్పుడు '127.0.0.1' పేరున కూడా ఒక ఖాతా పెట్టండి, లేదా ప్రోగ్రాంలో లోకల్‌హోస్ట్ అని రాయండి.

చిరునామా మారుతూ ఉండే బ్రాడ్‌బ్యాండ్‌కు శాశ్వత పరిష్కారం '%' పెట్టడం కాదు. ఎస్‌ఎస్‌హెచ్ సొరంగం (సర్వర్ దాకా గుప్తంగా వెళ్లే దారి) వేయండి: "ఎస్‌ఎస్‌హెచ్ -ఎన్ -ఎల్ 3307:127.0.0.1:3306 పేరు@సర్వర్". ఇందులో మొదటి ఎన్, రెండో ఎల్ పెద్ద అక్షరాలు. ఇప్పుడు మీ ఆఫీసు కంప్యూటర్‌లో ప్రోగ్రాంకు 127.0.0.1, పోర్టు 3307 అని చెప్పండి. లోకల్‌హోస్ట్ అని రాస్తే క్లయింటు మళ్లీ సాకెట్ వైపు చూసే ప్రమాదం ఉంది. సర్వర్‌కు మాత్రం మీరు తన యంత్రం మీదనుంచే వస్తున్నట్టు కనిపిస్తుంది. 3306 పోర్టును బయటికి తెరవనక్కరలేదు, మీ చిరునామా రోజుకు నాలుగుసార్లు మారినా ఖాతాలో ఏమీ మార్చనక్కరలేదు. కరెంటు పోయి వచ్చినప్పుడు సొరంగం తనంతట తానే లేచేలా సిస్టమ్‌డీ సర్వీసుగా పెట్టుకోండి.

ఇప్పుడు పాస్‌వర్డు

ఇక్కడిదాకా వచ్చి అన్నీ సరిపోయాయంటే పాస్‌వర్డును అనుమానించే హక్కు మీకు వచ్చింది. అయితే సర్వర్‌లో మార్చడం కాదు, ముందు మీ ప్రోగ్రాం ఏం పంపుతోందో చూడండి.

మన పాస్‌వర్డుల్లో ప్రత్యేక గుర్తులు వేయమని అందరూ చెబుతారు, అవి ఎక్కడ విరుగుతాయో ఎవరూ చెప్పరు. మైఎస్‌క్యూఎల్ కాన్ఫిగరేషన్ ఫైలులో # తరవాతదంతా వ్యాఖ్య. "రొయ్య#2024" లాంటి పాస్‌వర్డును కొటేషన్లలో పెట్టకపోతే "రొయ్య" మాత్రమే వెళుతుంది. పీహెచ్‌పీలో జంట కొటేషన్ల మధ్య డాలరు గుర్తు వస్తే దాని తరవాతి మాటను చరరాశి అనుకుంటుంది, అందుకే ఒంటి కొటేషన్లు వాడండి. షెల్‌లోనూ అంతే. పాస్‌వర్డును వెబ్ చిరునామా రూపంలో రాసే ప్రోగ్రాముల్లో @ వస్తే అక్కడితో పాస్‌వర్డు అయిపోయిందనుకునే ప్రమాదం ఉంది, దాన్ని %40 అని రాయాలి. కమాండ్ లైన్‌లో -పీ తరవాత ఖాళీ వదిలి పాస్‌వర్డు రాస్తే ఆ మాటను డేటాబేస్ పేరు అనుకుని పాస్‌వర్డు మళ్లీ అడుగుతుంది. అసలు అక్కడ రాయకుండా ఉండటమే మంచిది, కమాండ్ చరిత్రలో మిగిలిపోతుంది.

వాట్సాప్‌లో పంపిన పాస్‌వర్డు కథ వేరు. ఫోను కీబోర్డు మొదటి అక్షరాన్ని తనంతట తానే పెద్దది చేస్తుంది, చివర ఒక ఖాళీ చేర్చుతుంది. దాన్ని నకలు చేసి అతికిస్తే కంటికి కనిపించని తేడాతో రోజంతా పోతుంది.

ఫైలులో సరిగ్గానే ఉన్నా పాతదే వెళుతుంటే ప్రోగ్రాం తన కాన్ఫిగరేషన్ నకలును దాచుకుందేమో చూడండి. లారావెల్ అనే పీహెచ్‌పీ చట్రంలో కాన్ఫిగరేషన్ క్యాష్ తుడిచేదాకా కొత్తది చదవదు. డాకర్‌లో (ప్రోగ్రామును కంటైనర్ అనే విడి డబ్బాలో నడిపే పద్ధతి) అయితే పాస్‌వర్డు పర్యావరణ చరరాశి పనిచేసేది డేటా ఫోల్డరు ఖాళీగా ఉన్న మొదటిసారి మాత్రమే. ఆ తరవాత దాన్ని మార్చి కంటైనర్‌ను ఎన్నిసార్లు లేపినా డేటాబేస్ లోపలి పాస్‌వర్డు మారదు.

ఇంకో రకం ఉంది, నిన్నటిదాకా పనిచేసి సర్వర్ రీస్టార్ట్ తరవాత మొండికేసేది. మైఎస్‌క్యూఎల్ 8.0 లో కొత్త ఖాతాలకు "క్యాషింగ్_ఎస్‌హెచ్‌ఏ2_పాస్‌వర్డ్" అనే పద్ధతి వస్తుంది. ఇది మొదటిసారి సురక్షిత మార్గం ద్వారా పూర్తి తనిఖీ చేసి, ఆ తరవాత తన జ్ఞాపకంలో ఉన్నదాంతో త్వరగా పంపిస్తుంది. సర్వర్ లేచినప్పుడు ఆ జ్ఞాపకం ఖాళీ. టీఎల్‌ఎస్ (దారిలో డేటాను గుప్తంగా ఉంచే పద్ధతి) లేకుండా నెట్‌వర్క్ మీద వచ్చే పాత క్లయింటుకు అప్పుడు 2061 వస్తుంది. క్లయింటును కొత్తదానికి మార్చి టీఎల్‌ఎస్ పెట్టడం సరైన మందు. పాత "నేటివ్" పద్ధతికి మార్చేస్తే ఈ రోజుకు గడుస్తుంది. కానీ మైఎస్‌క్యూఎల్ 8.4 లో అది మొదటి నుంచి ఆపివేసే ఉంటుంది, 9.0 లో పూర్తిగా తీసేశారు.

రూట్ పాస్‌వర్డు పోయిందనుకున్నప్పుడు

ఉబుంటు, డెబియన్‌లలో 1698 వస్తే రూట్ పాస్‌వర్డు పోలేదు, చాలాసార్లు అది ఎప్పుడూ లేదు. అక్కడ రూట్ ఖాతాకు తాళం లినక్స్ గుర్తింపే. "సుడో మైఎస్‌క్యూఎల్" కొడితే నేరుగా లోపలికి వెళతారు. అది అలాగే ఉండనివ్వండి, ప్రోగ్రాములకు వేరే ఖాతాలు ఇవ్వండి. ఉబుంటు మైఎస్‌క్యూఎల్‌లో అదీ పనిచేయకపోతే "/ఈటీసీ/మైఎస్‌క్యూఎల్/డెబియన్.సీఎన్‌ఎఫ్" ఫైలులో నిర్వహణ ఖాతా ఒకటి ఉంటుంది. "సుడో మైఎస్‌క్యూఎల్ --డీఫాల్ట్స్-ఫైల్=" తరవాత ఆ ఫైలు దారి ఇస్తే దానితో వెళ్లవచ్చు.

ఇవేవీ కుదరకపోతే తాళం పగలగొట్టే దారి ఇది. పని లేని వేళ చూసుకుని సర్వర్ ఆపండి. కాన్ఫిగరేషన్ ఫైలులో సర్వర్ విభాగం కింద "స్కిప్-గ్రాంట్-టేబుల్స్", "స్కిప్-నెట్‌వర్కింగ్" అని రెండు వరుసలు రాయండి. రెండోది తప్పనిసరి, లేకపోతే పాస్‌వర్డు అడగని సర్వర్‌ను బజారున పెట్టినట్టే. సర్వర్ లేపి "సుడో మైఎస్‌క్యూఎల్" తో వెళ్లి ముందు "ఫ్లష్ ప్రివిలేజెస్;" కొట్టండి, అది కొట్టకుండా మార్చబోతే 1290 వస్తుంది. తరవాత "ఆల్టర్ యూజర్ 'రూట్'@'లోకల్‌హోస్ట్' ఐడెంటిఫైడ్ బై 'కొత్త పాస్‌వర్డు';". బయటికి వచ్చి ఆ రెండు వరుసలూ తీసేసి రీస్టార్ట్ చేయండి. తీసేశారో లేదో ఇంకోసారి చూడండి. పాత వ్యాసాల్లో ఉండే "అప్‌డేట్ మైఎస్‌క్యూఎల్.యూజర్" పద్ధతిని వదిలేయండి. మరియాడీబీ 10.4 నుంచి అది పట్టిక కాదు, కేవలం వ్యూ. మైఎస్‌క్యూఎల్ 8.0 లో పాస్‌వర్డ్() ఫంక్షనే లేదు.

కలిసి తెగిపోయేవి

ఒక ధాన్యం మిల్లులో రోజూ ఉదయం మొదటి బిల్లు తప్పనిసరిగా విఫలమయ్యేది, రెండోసారి వచ్చేది. గుమస్తా దాన్ని బోణీ బాగాలేదని సరిపెట్టుకున్నాడు. అసలు సంగతి "వెయిట్_టైమ్‌అవుట్". ఏమీ అడగకుండా 28,800 సెకన్లు, అంటే 8 గంటలు ఊరుకున్న కనెక్షన్‌ను సర్వర్ తెంచేస్తుంది. రాత్రి తొమ్మిదికి మిల్లు మూస్తే ఉదయానికి ప్రోగ్రాం చేతిలో ఉన్నది తెగిన తాడు. లాగ్‌లో 2006 కనిపిస్తుంది. వాడే ముందు కనెక్షన్‌ను పరీక్షించే అమరిక ప్రోగ్రాంలో ఉంటే దాన్ని పెట్టండి. పెద్ద ఫొటోలు ఎక్కించేటప్పుడు మాత్రమే 2006 వస్తుంటే "మ్యాక్స్_అలౌడ్_ప్యాకెట్" చూడండి.

1040 వస్తే ఎవరు కూర్చున్నారో "షో ప్రాసెస్‌లిస్ట్;" చెబుతుంది. మీరు మార్చకపోతే పరిమితి 151. నిర్వాహకుడి కోసం సర్వర్ ఇంకొక్క కుర్చీ అదనంగా ఉంచుతుంది. ప్రోగ్రాములన్నీ రూట్ పేరుతో నడుస్తుంటే ఆ కుర్చీలోనూ అవే కూర్చుంటాయి, మీరు గుమ్మం బయటే ఉంటారు. పరిమితిని వెంటనే 1000 చేయకండి, ప్రతి కనెక్షన్ మెమరీ తింటుంది. ఎక్కువసార్లు కారణం పని అయ్యాక కనెక్షన్ వదలని ప్రోగ్రామే.

పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ వాడేవారికి రెండు మాటలు. పోర్టు 5432, వినే చోటు "లిజన్_అడ్రసెస్". ఎవరిని ఎలా రానివ్వాలో "పీజీ_హెచ్‌బీఏ.కాన్ఫ్" ఫైలులో ఉంటుంది. అందులో పైనుంచి మొదట సరిపోయిన వరుసే చెల్లుతుంది, అది విఫలమైతే కింది వరుసను చూడదు. "పీర్" వల్ల విఫలమైందంటే మీ లినక్స్ ఖాతా పేరు, డేటాబేస్‌లోని ఖాతా పేరు కలవలేదు. మీకు పంపే సందేశంలో వివరం దాచి, అసలు కారణం సర్వర్ లాగ్‌లోనే రాస్తుంది, కాబట్టి అక్కడే చదవండి.

నిజంగానే మార్చాల్సి వస్తే

ముందు ఆ ఖాతాను ఎవరెవరు వాడుతున్నారో జాబితా రాయండి. క్రాన్ పనులు (వేళకు తమంతట తామే నడిచేవి), బ్యాకప్ స్క్రిప్టు, దాగి ఉండే ".మై.సీఎన్‌ఎఫ్" ఫైళ్లు, నెలాఖరున మాత్రమే నడిచే నివేదిక, అన్నీ. మైఎస్‌క్యూఎల్ 8.0.14 నుంచి పాతదాన్నీ కొంతకాలం చెల్లనిచ్చే సౌకర్యం ఉంది. "ఆల్టర్ యూజర్" వాక్యం చివర "రిటైన్ కరెంట్ పాస్‌వర్డ్" చేర్చండి. అన్ని ప్రోగ్రాములూ కొత్తదానికి మారాక "డిస్కార్డ్ ఓల్డ్ పాస్‌వర్డ్" తో పాతది తీసేయండి. మరియాడీబీలో ఇది లేదు, అక్కడ నేను అదే హక్కులతో కొత్త పేరున రెండో ఖాతా తెరిచి ఒక్కో ప్రోగ్రామునూ దానికి మారుస్తాను. పాత ఖాతాను వెంటనే తీసేయను. "ఆల్టర్ యూజర్ 'పాతపేరు'@'లోకల్‌హోస్ట్' అకౌంట్ లాక్;" అని తాళం మాత్రమే వేస్తాను. ఎవరైనా మిగిలిపోతే వారే కేక వేస్తారు, "అకౌంట్ అన్‌లాక్" తో నిమిషంలో తెరవవచ్చు.

రొయ్యల కేంద్రంలో సొరంగం వేశాక ఇలాగే చేశాం. తాళం వేసిన మూడో రోజున ఐసు గదిలో గోనె కప్పి ఉన్న పాత ల్యాప్‌టాప్ ఒకటి ఎర్రర్ చూపించింది. రెండేళ్లుగా అది రోజూ రాత్రి స్టాకు లెక్క లాగుతోందట, ఎవరికీ గుర్తులేదు.